మా ఊరి లైబ్రరీ వెబ్‌సైట్‌కి ఏ సీఎంఎస్ సరిపోయింది: నా అనుభవం

పద్నాలుగు పేజీల సైట్. ముందు దాన్ని ఒక సీఎంఎస్‌తో (లాగిన్ అయి పేజీలు రాసి, మార్చుకునే సాఫ్ట్‌వేర్) నడిపేవాణ్ణి. ప్లగిన్ (అదనపు సౌకర్యం కోసం చేర్చే చిన్న ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసినప్పుడల్లా ఏదో ఒక పేజీ చెడిపోయేది. రెండు నెలలు పట్టించుకోకపోతే బెట్టింగ్ ప్రకటనలు తెరుచుకున్నాయి, చాలా టెన్షన్ పడ్డాను. థీమ్ మార్చాను, సెక్యూరిటీ ప్లగిన్ పెట్టాను, హోస్టింగ్ కూడా మార్చాను, లాభం లేదు.

చివరికి ఒక కాగితం మీద పేజీలన్నీ రాసి, ఏది ఎన్నాళ్లకు మారుతుంది, ఎవరు మారుస్తారు అని పక్కన రాసుకున్నాను. మారేవి రెండే: వేళలు, కొత్త పుస్తకాల జాబితా. అదీ నెలకోసారి, నేనొక్కడినే. దీనికి డేటాబేస్, లాగిన్ ఎందుకు?

అందుకే స్టాటిక్ సైట్ (డేటాబేస్ లేకుండా, పేజీలు ముందే తయారై ఉండే సైట్) తయారుచేసే హ్యూగో అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. ముందు సెట్టింగుల్లో భాష తెలుగు అని పెట్టాను. తర్వాత ఒక్కో పేజీని ఒక్కో మార్క్‌డౌన్ (సులువైన గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఫైల్‌గా రాశాను. ఇక్కడ ఒక జాగ్రత్త: శీర్షిక తెలుగులోనే ఉంచి, ఫైల్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. ఆ ఫైల్ పేరే లింకులోకి వస్తుంది; అది తెలుగులో ఉంటే లింకు వాట్సాప్‌లో పంపేటప్పుడు చాలాసార్లు ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలై, లింకు చాంతాడంత అవుతుంది. నాకు ఎక్కువ సమయం పట్టింది ఈ పేర్లు సరిచేయడానికే. ఆ తర్వాత కంప్యూటర్‌లోనే సైట్ నడిపి, ఫోన్ వెడల్పులో ప్రతి పేజీ చూసుకుని, గిట్‌హబ్ పేజెస్‌లో (స్టాటిక్ సైట్లను ఇంటర్నెట్‌లో ఉంచే సేవ) పెట్టాను.

ఆరు నెలలుగా ఇబ్బంది లేదు. మీ దగ్గర నలుగురైదుగురు రోజూ వార్తలు పెడుతుంటే మాత్రం ఇది కుదరకపోవచ్చు; వాళ్లకు లాగిన్ ఉన్న సీఎంఎస్సే సుఖం.