ఇల్లంతా ఎక్కాలి, ఘాట్‌లో హుషారుగా నడవాలి: సెకండ్ హ్యాండ్ కారు ఎలా ఎంచుకోవాలి?

రాయగడ, కోరాపుట్, జయపురం, గుణుపురం, పర్లాకిమిడి. ఒడిశాలోని ఈ ఊళ్లలో స్థిరపడ్డ తెలుగిళ్లకి చుట్టరికాలు సగం సరిహద్దు అవతల ఆంధ్రలోనే. పెళ్లన్నా, సీమంతమన్నా, విశాఖలో డాక్టరుకి చూపించుకోవాలన్నా కొండ దిగాలి, మళ్లీ ఎక్కాలి. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, సునాబెడ వైపు వెళ్లే రోడ్డు మీద ఒక్కసారి మంచి బండి నడిపినవాళ్లకి మళ్లీ మొద్దు బండి ఎక్కబుద్ధి కాదు. కొత్త కారుకి డబ్బు చాలకపోయినా ఫరవాలేదు. ఇంటిల్లిపాదికీ సరిపోతూ, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకీ ఉత్సాహమిచ్చే కారు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. మోడల్‌ని దాని నడక చూసి ఎంచుకోవాలి. ఆ మోడల్‌లో ఫలానా బండిని మాత్రం ఆరోగ్యం చూసే కొనాలి. చాలామంది మొదటిది బాగానే చేస్తారు, దెబ్బతినేది రెండోదాని దగ్గరే.

1. వెనక సీటుతో మొదలుపెట్టండి

నడిపేవాళ్లకి నచ్చిన కారు ఇంట్లోవాళ్లకి నచ్చకపోతే అది షెడ్డులోనే ఉంటుంది. అందుకే బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు అమ్మనో అత్తయ్యనో తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సీట్లోకి ఎక్కి దిగే తీరు చూస్తే సీటు ఎత్తు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. వెనక ముగ్గురు కూర్చోవాలంటే భుజాల దగ్గర చోటు చూడండి. పసిపిల్లలుంటే చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా అని సీటు సందులో వేలు పెట్టి చూడండి.

భద్రత విషయంలో తయారైన తేదీ చూస్తే చాలావరకు తెలుస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. ముందు ఇద్దరికీ ఎయిర్‌బ్యాగ్‌లు అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి. అంతకన్నా పాత బండి అయితే పై వేరియంట్ వెతకండి. ఏబీఎస్ లేని కారుతో వానాకాలం ఘాట్ దిగడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు, ఎంత చవగ్గా ఇచ్చినా సరే.

2. హుషారు ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసుకోండి

హార్స్‌పవర్ అంకె చూసి మురిసిపోకండి. ఘాట్‌లో మనం వెళ్లేది రెండో గేరు, మూడో గేరులో. అక్కడ కావాల్సింది తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లాగే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. స్విఫ్ట్ 1.2 పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేది సుమారు 113 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎమ్ దాటాక. పాత స్విఫ్ట్ 1.3 డీజిల్ 2,000 దగ్గరే 190 ఇస్తుంది. ఫోక్స్‌వాగన్ 1.0 టర్బో పెట్రోల్ (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) 1,750 దగ్గర 175 ఇస్తుంది. అయిదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎత్తు సంగతి కూడా ఉంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల పైన ఉంది. గాలి పలచబడేకొద్దీ టర్బో లేని ఇంజిన్ బలం తగ్గుతుంది, అక్కడికి చేరేసరికి దాదాపు ఎనిమిది శాతం పోతుంది. టర్బో ఉన్న ఇంజిన్ ఈ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. కాబట్టి కొండ మీద ఉండేవాళ్లు టర్బో వైపు చూడటం మేలు. బరంపురంలో ఉండి ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్లకి ఆ అవసరం అంతగా లేదు.

ఇంజిన్ ఒక్కటే కాదు. తిప్పినంతే తిరిగే స్టీరింగ్, చేతికి హాయిగా పడే గేరు, మలుపులో ఒరగని సస్పెన్షన్, ఈ మూడూ కుదిరితే 75 హార్స్‌పవర్ బండి కూడా మనసు నింపుతుంది.

3. మోడళ్లు

ఫోర్డ్ కార్లు నడిపితే వదలబుద్ధి కాదు. ఫిగో, యాస్పైర్, ఫ్రీస్టైల్‌లో వచ్చిన 1.5 డీజిల్ 100 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే), 215 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, బరువు తక్కువ, స్టీరింగ్ అద్భుతం. ఫ్రీస్టైల్‌కి నేల నుంచి ఎత్తు 190 మిల్లీమీటర్లు, మన పల్లె రోడ్లకి అది బాగా పనికొస్తుంది. ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించింది కాబట్టి రీసేల్ ధర తగ్గింది. అది కొనేవాళ్లకి లాభమే, కానీ మీ ఊరి మేస్త్రీకి ఈ ఇంజిన్ తెలుసా, విడిభాగాలు ఎన్నాళ్లకి వస్తాయి అని ముందే అడగండి. ఈ డీజిల్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది. అది మార్చిన బిల్లు చూపించకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించాల్సిందే.

పోలో, వెంటో, స్కోడా ర్యాపిడ్. 2020 తర్వాత వచ్చిన 1.0 టర్బో పెట్రోల్ 110 పీఎస్ ఇస్తుంది. కుటుంబానికి వెంటో గానీ ర్యాపిడ్ గానీ చూడండి, పోలో వెనక సీటు ఇరుకు. ఆటోమేటిక్ కావాలంటే ఒక తేడా గుర్తుంచుకోవాలి. అంతకుముందు 1.2 టర్బోలో వచ్చింది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తానే మార్చుకునే గేర్‌బాక్స్. ఘాట్‌లో లారీల వెనక పాక్కుంటూ ఎక్కేటప్పుడు అది వేడెక్కుతుంది, రిపేరు ఖర్చూ ఎక్కువే. 2020 తర్వాతి 1.0లో వచ్చింది టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ఆయిల్‌తో పనిచేసే ఆటోమేటిక్, దాంతో అంత టెన్షన్ లేదు.

ఎత్తైన బండి కావాలనుకునే ఇంటికి మహీంద్రా ఎక్స్‌యూవీ 300 డీజిల్ నా మొదటి ఎంపిక. 1,500 ఆర్‌పీఎమ్ నుంచే 300 న్యూటన్ మీటర్లు, పైగా గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు. టాటా నెక్సాన్‌కీ 2018లోనే 5 స్టార్లు వచ్చాయి, నేల నుంచి 209 మిల్లీమీటర్ల ఎత్తు. పాత బ్రెజా డీజిల్ ఏ ఊళ్లోనైనా బాగుచేయించుకోవచ్చు, నడకలో ఆ రెండింటి కన్నా కాస్త చప్పగా ఉంటుంది.

హోండా సిటీ 1.5 పెట్రోల్ (2014లో వచ్చిన తరం) బరంపురం, గంజాం మైదానాలకి చక్కటి కారు. డిక్కీ 510 లీటర్లు. నేలకి 165 మిల్లీమీటర్లే కాబట్టి స్పీడ్ బ్రేకర్ల దగ్గర జాగ్రత్త. ఫియాట్ లీనియా, పుంటో నడపడానికి ఎంత బాగున్నా విడిభాగాలు దొరక్క అల్లాడిపోతారు, ఇంటికి ఒక్కటే కారైతే వద్దు.

4. నంబరు ప్లేటు ఏ రాష్ట్రానిది?

సరిహద్దు ఊళ్లలో ఈ ప్రశ్న ధర కన్నా ముందు అడగాలి. ఓడీ 10 కోరాపుట్, ఓడీ 18 రాయగడ, ఓడీ 20 గజపతి, ఓడీ 07 గంజాం. విశాఖ, విజయనగరంలో బండ్లు ఎక్కువ, ఎంపిక ఎక్కువ. అక్కడ చవగ్గా వచ్చిందని ఏపీ బండి కొనేసి, ప్లేటు మార్చకుండా ఏళ్ల తరబడి ఇక్కడే తిప్పేవాళ్లు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు కోసం దరఖాస్తు చేసుకోవాలి. అందుకు పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, బండి వయసును బట్టి ఇక్కడ రోడ్ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలినదాని కోసం వాపసు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ ఖర్చూ, తిరుగుడూ కలిపి చూస్తే ఆ చవక చాలాసార్లు ఆవిరైపోతుంది. సొంత జిల్లా ప్లేటున్న బండికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

సునాబెడ, దమంజొడి లాంటి కంపెనీ కాలనీల్లో బదిలీ అయ్యేవాళ్లు, రిటైరయ్యేవాళ్లు అమ్ముకునే బండ్ల మీద కన్నేసి ఉంచండి. ఒకే ఓనరు, సర్వీసు బిల్లులు ఫైల్లో పెట్టుకునే అలవాటు. బ్రోకర్ దగ్గర అలాంటి బండి దొరకడం అరుదు.

5. బండి చల్లగా ఉండగా చూడండి

పొద్దున్నే వెళ్లండి. "బాబూ, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లటి స్టార్ట్‌లో వచ్చే చప్పుడేదో దాస్తున్నారేమో అనుమానించాలి.

ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. చిక్కటి మజ్జిగలాంటి తెల్లటి పూత ఉంటే కూలెంట్ ఆయిల్లో కలుస్తోందేమో అని గట్టిగా చూపించుకోవాలి. స్టార్ట్ చేశాక సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ కాలుతోంది. డీజిల్ బండి గట్టిగా తొక్కినప్పుడు దట్టంగా నల్లపొగ కక్కితే ఇంజెక్టర్లనో టర్బోనో చూపించాలి.

మీటరు రీడింగు నమ్మకండి, బండిని నమ్మండి. 40,000 కిలోమీటర్లు అని చెప్పిన కారుకి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తూ ఉంటే లెక్క తప్పినట్టే. టైరు మీద నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. డోర్ల రబ్బరు బీడింగు కొంచెం లాగి లోపలి వెల్డింగు చుక్కలు వరసగా ఉన్నాయా చూడండి, బానెట్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందా చూడండి. యాక్సిడెంట్ అయి డెంటింగ్ చేయించిన బండి అక్కడే దొరికిపోతుంది.

చేతిలో ఇమిడే చవక ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చదివే పరికరం) ఒకటి కొని ఫోన్‌కి కలుపుకోండి. పాత ఫాల్ట్ కోడ్‌లు చూపిస్తుంది. మీరు రావడానికి ముందే ఎవరైనా కోడ్‌లు చెరిపేసి ఉంటే, స్వీయ పరీక్షలు పూర్తి కాలేదని అందులో కనిపిస్తుంది.

6. నీళ్లు, ఉప్పు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం, గజపతి, గంజాం జిల్లాలను ముంచేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో చాలా భాగాన్ని ముంచింది. అలాంటి చోట్ల మునిగిన బండ్లు కడిగి, ఆరబెట్టి దూరం ఊళ్లలో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివర మట్టి మరక ఉందేమో చూడండి. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద ముక్కిపోయిన వాసన. వీటిలో ఒక్కటి కనిపించినా, ధర ఎంత ఊరించినా వెనక్కి తిరగండి. నీళ్లు తాగిన వైరింగ్ ఏడాది తర్వాతయినా పగ తీర్చుకుంటుంది. గోపాల్‌పూర్ తీరం వైపు తిరిగిన బండి అయితే జాక్ ఎక్కించి అడుగుభాగం తుప్పు చూడాలి.

7. కొండెక్కి నడిపి చూడండి

టౌన్లో రెండు వీధులు తిప్పి తెచ్చేస్తే ఏమీ తెలియదు. ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లోవాళ్లని వెనక ఎక్కించుకుని, ఎంత చిన్నదైనా ఒక చడావు (ఎత్తెక్కే రోడ్డు) మీదకి తీసుకెళ్లండి. సుంకి గానీ, కోరాపుట్ నుంచి జయపురం దిగే ఘాట్ గానీ, బరంపురం వాళ్లకి తప్తపాణి గానీ.

ఎక్కేటప్పుడు మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎమ్ పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. కొండ ప్రాంతంలో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటున్నవాళ్ల కార్లకి ఇది మామూలే. తర్వాత మలుపు ముందు మూడు నుంచి రెండుకి వెయ్యండి. నేను అన్నిటికన్నా శ్రద్ధగా గమనించేది ఈ ఒక్క క్షణాన్నే. గేరు గరగరలాడకుండా, బలవంతపెట్టకుండా జారి పడాలి. రెండో గేరు సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే రింగు) అరిగిన బండి ఘాట్‌లో ప్రతి మలుపులోనూ మీ ఉత్సాహం చంపేస్తుంది, గేర్‌బాక్స్ విప్పితే తప్ప అది బాగవదు.

మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు బండి వెంటనే తిరుగుతోందా, ఒక తృటి ఆలస్యంగానా? హోరుమనే శబ్దం మలుపుని బట్టి మారితే వీల్ బేరింగ్. పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు టకటక వస్తే యాక్సిల్ జాయింట్. గతుకుల్లో నెమ్మదిగా వెళ్తుంటే ముందు నుంచి డబడబ చప్పుడు వస్తే సస్పెన్షన్ లింకులో, స్టీరింగ్ ర్యాకో అరిగినట్టు. లింకులు చవక, ర్యాక్ ఖరీదు. ఆ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చకుండా బేరానికి కూర్చోకండి.

దిగేటప్పుడు బ్రేకు. పెడల్ కాలికి వణుకు తెస్తే డిస్కులు పాడయ్యాయి. నాలుగైదు మలుపులు దిగాక పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే బ్రేక్ ఆయిల్ పాతది, తేమ పట్టి వేడికి మరుగుతోంది. అలాంటి బండిని అక్కడే ఆపి, చల్లారాక నెమ్మదిగా తీసుకురండి. ఏఎంటీ గేరు (క్లచ్ తానే వేసుకునే) బండి అయితే చడావులో ఆపి మళ్లీ కదిలించి చూడండి, వెనక్కి ఎంత జారుతోందో గమనించండి.

చివరికి వెనక సీటువాళ్లని అడగండి. మీకు హాయిగా అనిపించిన సస్పెన్షన్ వాళ్లకి నడుం నొప్పి తెచ్చిందంటే కుదరదు.

8. కాగితాలు

ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఆర్‌సీ వివరాలు, చలాన్లు, ఇన్సూరెన్స్ చూడండి. ఫైనాన్స్ బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీ నుంచి లోన్ తీసేయించేది) చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఓనరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగా పెట్టించండి. ధర మాట్లాడేటప్పుడు టైర్లు, షాకబ్జర్లు, బ్రేకులకి కలిపి బండి ధరలో పదో వంతు పక్కన పెట్టుకునే మాట్లాడండి. అరిగిన టైర్లతో ఏ మంచి కారూ మంచి కారులా నడవదు.

9. కొన్న మొదటి వారం

ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లు, పాత ఓనరు నిన్ననే మార్చానన్నా సరే, అన్నీ మార్పించండి. అలైన్‌మెంట్ చేయించండి. టైరు గాలి డోరు పక్క స్టిక్కరు మీదున్న ఫుల్ లోడ్ అంకె ప్రకారం పెట్టండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మీకు రాదు కాబట్టి ఆ తేడా ప్రీమియం కట్టాల్సి వస్తుంది. కొనే రోజు బడ్జెట్‌లోనే దాన్ని కూడా లెక్కేసుకోండి.