గొడ్డలి గురి తప్పితే ఎక్కడికి పోతుంది?

భోగికి నాలుగు రోజుల ముందు మా పెరట్లో మామిడి దుంగ చీలుస్తున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, చేతిలో గొడ్డలి ఉంటే ఊరంతా నన్నే చూస్తున్నట్టు ఉండేది. తలపైకి ఎత్తి దించబోతుంటే గొడ్డలి దండేనికి తగిలింది. తాడు సాగి వెనక్కి లాగింది, గొడ్డలి దారి తప్పి నా ఎడమ పాదానికి బెత్తెడు దూరంలో మట్టిలో దిగబడింది. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్న బాబాయి తలెత్తి చూసి ఒక్కటే అడిగాడు: "ఏరా, కట్టె కొడుతున్నావా, కాలు కొట్టుకుంటున్నావా?"

తర్వాత ఆయన నేర్పిన పద్ధతి అంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగేది. దెబ్బ సరిగ్గా పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పడకపోతే ఆ గొడ్డలి ఎక్కడికి పోతుంది? ఎత్తే ముందే దానికి జవాబు ఉండాలి, ఆ జవాబు కట్టె కింద పెట్టుకునే మొద్దో మట్టో అయ్యుండాలి. గ్యాస్ వచ్చాక ఇవన్నీ ఎవరికి కావాలి అనుకోకండి. కోనసీమలో పెళ్ళికి గాడిపొయ్యి తవ్వితే కట్టెలు కావాలి, భోగి మంటకి కావాలి, తుఫానుకి చెట్లు పడితే పెరడు ఖాళీ చేసుకోవడానికైనా గొడ్డలి పట్టాలి. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ముందు చోటు చూసుకోండి. నా కథ విన్నారు కదా, దండెం విప్పేయండి. ఇంట్లోకి వెళ్ళే కరెంటు వైరు నెత్తి మీద ఉందేమో, నిలబడ్డ చోట పైన కొబ్బరి గెల ఉందేమో చూడండి, గొడ్డలి అదురుకి కాకపోయినా కాయ రాలడానికి దానికి ముహూర్తం అక్కర్లేదు. గొడ్డలి పట్టుకుని చేతులు చాచి, మెల్లగా పైకీ పక్కలకీ ఒకసారి తిప్పి చూసుకుంటే ఏది అడ్డమో తెలిసిపోతుంది. పిల్లలూ చూడ్డానికి వచ్చినవాళ్ళూ కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలి, ఎదురుగా అసలు ఉండకూడదు, ఎందుకంటే చీలిన పేళ్ళు ఎక్కువగా ఎగిరేది పక్కలకీ ముందుకీనే. పడి ఉన్న దుంగని వెంటనే చేత్తో ఎత్తకండి, కర్రతో ఒకసారి దొర్లించండి. వాన పడ్డాక మన వైపు దుంగల కింద తేళ్ళూ జెర్రులూ ఉండనే ఉంటాయి, ఒక్కోసారి పామే ఉంటుంది.

డెల్టా నేలతో ఇంకో చిక్కు. ఒండ్రుమట్టి తడిగా ఉంటే మొద్దు దెబ్బదెబ్బకీ కిందికి దిగుతుంది, మీ బలం కట్టెకి కాకుండా మట్టికి పోతుంది, పైగా కాలు జారుతుంది. మొద్దు కింద నాలుగు తట్టల ఇసుక పోసి తొక్కి గట్టి చేసుకోండి. సిమెంటు గచ్చు మీద మాత్రం వద్దు, గురి తప్పిన గొడ్డలి గచ్చుకి తగిలితే పదును పోతుంది, ఎగిరి ఎటు వస్తుందో చెప్పలేం. అడ్డ మొద్దు లేకుండా కట్టెని నేల మీదే పెట్టి కొట్టడం కూడా తప్పే, గొడ్డలి ఎంత కిందికి దిగితే అంత మీ కాలి దగ్గరికి వస్తుంది. మొద్దు ఎత్తు అడుగు నుంచి అడుగున్నర, మోకాలికి కాస్త కిందుగా ఉంటే చాలు. చింత మొద్దు దొరికితే వదలకండి. మాంసం కొట్టేవాళ్ళు దాన్నే వాడేది ఊరికే కాదు, దాని నార అల్లుకుపోయి ఉంటుంది, ఎన్ని దెబ్బలు పడినా తొందరగా చీలదు.

ఒంటి మీద బట్టల గురించి చెబితే మావాళ్ళు నవ్వుతారు, అయినా చెబుతాను. లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులేసుకుని గొడ్డలి ఎత్తడం నాకు అసలు నచ్చదు. లుంగీ ఎప్పుడు ఊడుతుందో తెలీదు, ఊడితే చెయ్యి దాని మీదికి పోతుంది, చూపు కూడా అటే పోతుంది. ప్యాంటు, కాలివేళ్ళు మూసే గట్టి బూట్లు, కళ్ళకి బైక్ కళ్ళజోడైనా సరే. భుజం మీద తువ్వాలు తీసి గుంజకి తగిలించండి. చేతికి వదులు గ్లౌజులు వద్దు, కామ, అంటే గొడ్డలి కర్ర, జారిపోతుంది. చెమట పడితే ఆగి తుడుచుకోండి, అంతే.

ఇక గొడ్డలి. కొమ్మలు నరికేది పల్చగా ఉంటుంది, లోతుగా కోస్తుంది. దుంగలు చీల్చేదానికి బుగ్గలు లావుగా ఉండి బరువుగా ఉంటుంది, అది కోయడం కన్నా కట్టెని రెండు వైపులకీ తోస్తుంది. పల్చటి గొడ్డలితో దుంగ చీల్చబోతే ఇరుక్కుంటుంది, పీకడానికే సగం పొద్దు పోతుంది. మన కమ్మరులు లారీ కమాను పట్టీలతో చేసే గొడ్డళ్ళు బానే ఉంటాయి, చూడాల్సింది ఇనుముని కాదు, కామని. కామ పొడుగునా నార నిలువుగా సాగాలి, ముడి ఉండకూడదు, సన్న పగులు కనిపించినా మార్చేయాలి. పెయింట్ వేయకండి, పగుళ్ళు కనబడకుండా పోతాయి.

ఎండాకాలంలో కామ ఎండి కుంచించుకుపోయి తల వదులవుతుంది. మన వైపు చాలామంది చేసే పని, రాత్రంతా నీళ్ళ తొట్టిలో నానేయడం. పొద్దున్నకి ఉబ్బి బిగుసుకుంటుంది, నిజమే. కానీ ఉబ్బిన నార గొడ్డలి తలకున్న కన్నంలో నలిగిపోతుంది, మళ్ళీ ఆరాక ఇంతకు ముందుకంటే వదులవుతుంది. సరైన పద్ధతి ఇది: గొడ్డలిని తల కిందికి వేలాడేలా కామ పట్టుకుని, కామ పైకొసని చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి, తల తనంతట తనే కామ మీదికి బిగుసుకుంటుంది. తర్వాత ఆ కన్నంలో ఉన్న కామ కొసలోకి చీల దిగ్గొట్టండి. అప్పటికీ కదులుతుంటే కొత్త కామ వేయించాల్సిందే, ఇందులో బేరాల్లేవు.

పదును లేకపోతే ప్రమాదం తక్కువ అనుకునేవాళ్ళు ఉన్నారు. ఉల్టా. మొండి గొడ్డలి కట్టెలోకి దిగకుండా పక్కకి జారుతుంది, ఆ పక్కన ఉండేది మీ కాలే. ఆకురాయితో రెండు వైపులా సమంగా రుద్దుకోండి. గెడ్డం గీసేంత పదును అక్కర్లేదు.

ఇప్పుడు దెబ్బ. కట్టెని మొద్దు మీద మీకు దూరంగా ఉన్న అంచు వైపు నిలబెట్టండి, అప్పుడు దెబ్బ కట్టెకి అందక కాస్త మీ వైపు పడినా గొడ్డలి మొద్దులోనే దిగుతుంది. రెండు కాళ్ళూ భుజాలంత వెడల్పు, పక్కపక్కనే, ఒక కాలు ముందుకి వేయకండి. చేతులు పూర్తిగా చాచి గొడ్డలి అంచుని కట్టె మీద ఆనించి దూరం కొలుచుకోండి. మరీ దగ్గరికి వెళ్తే పదును కట్టెని దాటిపోయి కామ తగిలి విరుగుతుంది. కట్టె పైభాగంలో పగుళ్ళు కనిపిస్తాయి, గురి వాటి మీదే. ముడులున్న వైపు వదిలేయండి. పెద్ద దుంగైతే నడిమధ్యలో కొట్టకుండా అంచుల నుంచి పేళ్ళు పేళ్ళుగా లాక్కురండి.

ఎత్తేటప్పుడు ఒక చెయ్యి తల దగ్గర, ఒకటి కామ చివర. దించేటప్పుడు పై చెయ్యి జారి కింది చేతిని కలుస్తుంది. చూపు గొడ్డలి మీద కాదు, పగులు మీద. అన్నిటికంటే ముఖ్యమైనది, నేను ఆలస్యంగా నేర్చుకున్నది: గొడ్డలి దిగుతుంటే మీరూ మోకాళ్ళు వంచి కిందికి దిగాలి, తగిలే సమయానికి కామ నేలకి సమాంతరంగా ఉండాలి. నిటారుగా నిలబడి కొడితే గురి తప్పిన గొడ్డలి గుండ్రంగా తిరిగి ముంగాలికి వస్తుంది. మోకాళ్ళు వంచితే తిన్నగా మొద్దులోకి పోతుంది. గొడ్డలి లేకుండా ఉత్త చేతులతో పదిసార్లు చేసి చూడండి, సిగ్గేం లేదు.

గొడ్డలి ఇరుక్కుంటే కామని పైకీ కిందికీ ఊపండి, పక్కలకి ఊపితే విరుగుతుంది. ఇరుక్కున్న కట్టెతో సహా నెత్తి మీదికి ఎత్తి కొట్టేవాళ్ళని చూశాను, ఆ కట్టె మధ్యలో ఊడితే ఎక్కడ పడుతుందో వాళ్ళని అడగాలి. సమ్మెటతో గొడ్డలి వెనక బాదడం కూడా వద్దు, ఇనప ముక్క రేగి కంట్లో పడుతుంది. దానికి విడిగా ఇనప చీలలు ఉంటాయి.

కట్టెని బట్టి ఓపిక. సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేసుకోండి, ఎండితే బాగా గట్టిపడుతుంది. నిద్రగన్నేరు నార మెలితిరిగి ఉంటుంది, దాన్ని రంపపు మిల్లుకి పంపడమే మేలు. కొబ్బరి మొద్దుకి చుట్టూ గట్టి, లోపల మెత్తన, మామిడిలా ఫట్‌మని విడిపోదు, పట్టుదలకి పోకండి. రోడ్డు పక్క చెట్టుదైతే బోర్డులు కొట్టిన మేకులు లోపల ఉంటాయి, చూసుకోండి.

పొయ్యి రాజేయడానికి సన్న పుల్లలు చీల్చేటప్పుడే ఎక్కువమందికి వేళ్ళు తెగుతాయి, ఎందుకంటే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కొడతారు. అలా కాకుండా గొడ్డలి అంచుని పుల్ల మీద ఆనించి, రెండిటినీ కలిపి ఎత్తి మొద్దు మీద టపీమని కొట్టండి, విడిపోతుంది. లేదా పాత స్కూటర్ టైరు మొద్దు మీద పెట్టి మేకులు కొట్టేయండి, దాని మధ్యలో కట్టెలు నిలబెడితే పట్టుకోనక్కర్లేదు, చీలినవి దొర్లిపోవు కూడా. మా ఇంట్లో ఆ టైరు వచ్చాక వంగి ఏరుకోవడం సగం తగ్గింది.

తుఫానుకి పడ్డ చెట్టుకి కొమ్మలు కొట్టాలంటే, కాండానికి మీరు ఒక వైపు, కొమ్మ రెండో వైపు ఉండాలి. మధ్యలో కాండం గోడలా ఉంటుంది. కిందపడి విల్లులా వంగిన కొమ్మని ఒక్క వేటుకి నరికితే ఎగిరి మొహానికి కొడుతుంది, వంగిన లోపలి వైపు నుంచి చిన్నచిన్న గాట్లు పెట్టుకుంటూ బిగువు తగ్గించండి. పక్క చెట్టుకి ఆనుకుని వేలాడే చెట్టు, వైర్ల మీద పడ్డ చెట్టు మనవి కావు, పనివాళ్ళకీ కరెంటు వాళ్ళకీ వదిలేయండి.

తెగిందంటే కాఫీ పొడీ పసుపూ పెట్టకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని, ఆ అవయవం పైకి ఎత్తి, 108కి ఫోన్ చేయండి. గుడ్డ తడిసినా తీయకుండా పైన ఇంకోటి వేసి నొక్కండి. వేలు ఊడిపోతే తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు మీద పెట్టి పట్టుకెళ్ళండి, వేలు నేరుగా ఐసుకి తగలకూడదు. చిన్న గాయమైనా టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడగండి.

పని అయ్యాక గొడ్డలిని మొద్దులో దిగ్గొట్టి వదిలేసి టీకి వెళ్ళడం అందరికీ అలవాటు, నాకూ ఉండేది. పిల్లాడు వచ్చి పీకడానికి చూస్తాడు. పాత సైకిల్ ట్యూబు జానెడు కోసి పదునుకి తొడిగితే అంతకంటే మంచి ఒర ఉండదు. మా గొడ్డలి ఇప్పుడు పశువుల పాకలో దూలానికి వేలాడుతోంది, దాని పక్క మేకుకే, పని అయ్యేదాకా విప్పి ఉంచడానికి, దండెం తాడు.