కాలిఫోర్నియాలో ఇంటి సోలార్: సిటీ పర్మిట్, తవ్వకం, బాండ్

కాలిఫోర్నియాలో సొంత ఇంటికి సోలార్ పెట్టించుకోదలచిన తెలుగువారు ఎన్ని కిలోవాట్లు కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలు పదిసార్లు వేసుకుంటారు గాని, పర్మిట్లు, బాండ్ల (పూచీకత్తు పత్రాల) ప్రస్తావన వచ్చేసరికి అదంతా కాంట్రాక్టరు చూసుకుంటాడని వదిలేస్తారు. నిజానికి ఇంటికప్పు మీద చేసే పనికి పర్మిట్ ఇప్పుడు సులువుగానే దొరుకుతోంది. చిక్కల్లా నేల తవ్వవలసి వచ్చినప్పుడు, బాండ్ ఎవరి రక్షణకు రాసినదో తెలియనప్పుడు వస్తుంది.

ముందుగా కప్పు మీది పని సంగతి. 2022లో వచ్చిన సెనేట్ బిల్లు 379 ప్రకారం, చిన్న ఊళ్లు, చిన్న కౌంటీలు మినహా రాష్ట్రంలోని నగరాలన్నీ ఇళ్ల సోలార్ దరఖాస్తులను ఆన్‌లైన్‌లో కంప్యూటరే తనంతట తానుగా పరిశీలించి, నిబంధనలకు లోబడి ఉంటే అప్పటికప్పుడే పర్మిట్ ఇచ్చే ఏర్పాటు చేసుకోవాలి. ఈ సౌకర్యం 38.4 కిలోవాట్లలోపు వ్యవస్థలకు వర్తిస్తుంది. ఇంటి వ్యవస్థ 15 కిలోవాట్లు దాటకపోతే పర్మిట్ రుసుము 450 డాలర్లు మించకూడదు, తనకు అంతకు మించిన ఖర్చు అవుతుందని నగరం లిఖితపూర్వకంగా నిరూపిస్తే తప్ప. కనుక కొటేషన్‌లో ‘పర్మిట్ ఖర్చులు’ అని అంతకు ఎన్నో రెట్లు కనబడితే, అందులో సిటీకి కట్టేది ఎంత, కంపెనీ తీసుకునేది ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మని అడగడం తప్పు కాదు. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీలలో వారి అనుమతి కోసం వేరుగా దరఖాస్తు పెట్టుకోవాలి. వారు అకారణంగా నిరాకరించడానికి చట్టం ఒప్పుకోదు.

పర్మిట్ ఎవరి పేరున తీసుకుంటున్నారన్నది మాత్రం తప్పక చూసుకోవలసిన విషయం. ‘ఓనర్ బిల్డర్’ పద్ధతిలో, అంటే పని యజమానే చేయిస్తున్నట్టుగా, మీ పేరున మీరే తీసుకోండి, డబ్బు మిగులుతుంది అని కాంట్రాక్టరు చెబితే, అతని లైసెన్సులో ఏదో లోపం ఉందనే అనుమానించాలి. ఆ సంతకం పెట్టిన క్షణం నుంచి పని నాణ్యతకూ, పనివారికి తగిలే దెబ్బలకూ యజమానే బాధ్యుడయ్యే ప్రమాదం ఉంది.

ఇక తవ్వకం. కప్పు మీద చోటు చాలక పెరట్లో నేల మీద ఫలకాలు నిలిపినా, వేరుగా ఉన్న గ్యారేజీ కప్పు వాడుకున్నా, అక్కడినుంచి ఇంటి మెయిన్ ప్యానెల్ (కరెంటు ప్రధాన పెట్టె) దాకా భూమిలో కాలువ తవ్వి తీగలు వేయాలి. సాధారణంగా పీవీసీ గొట్టంలో వేసే తీగలకు పైన 18 అంగుళాల మట్టి ఉండాలి. గొట్టం లేకుండా నేరుగా పాతే కేబుల్‌కైతే 24 అంగుళాలు కావాలి. ఇన్‌స్పెక్టర్ చూసేవరకు ఆ కాలువను పూడ్చకూడదు. తొందరపడి పూడ్చినవారు మళ్లీ తవ్వుకోక తప్పదు.

గునపం వేసేముందు, భూమిలోని తీగలు, గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయడం ఈ మొత్తం వ్యవహారంలో పైసా ఖర్చు లేని పని, అయినా ఎక్కువమంది మరిచిపోయేదీ ఇదే. తవ్వేచోటును ముందుగా తెల్లరంగుతో గుర్తుపెట్టాలి. మన దగ్గర పునాదికి ముగ్గు పోసినట్టే అనుకోండి. ఫోన్ చేసిన రోజును లెక్కలోకి తీసుకోకుండా కనీసం రెండు పనిదినాల ముందు తెలియజేయాలి. ఆయా సంస్థలవారు వచ్చి కరెంటు తీగలకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, టెలిఫోన్ తదితర తీగలకు నారింజ, మంచినీటికి నీలం, మురుగుకు ఆకుపచ్చ గీతలు వేసి వెళతారు. ఆ గీతలకు ఇరువైపులా 24 అంగుళాల మేర యంత్రం వాడకుండా చేతి పనిముట్లతోనే తవ్వి, అసలు గొట్టం ఎక్కడుందో చూసుకోవాలి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: వారు తమ సంస్థ గొట్టాలకే గుర్తులు పెడతారు. మీటరు దాటాక మీరో, మీకు ఇల్లు అమ్మినవారో పెరటి పొయ్యికి వేయించుకున్న గ్యాస్ గొట్టం, మొక్కలకు నీరందించే పైపులు ఆ గీతల్లో కనబడవు.

పెరట్లో ఇలాంటి కాలువకు విడిగా గ్రేడింగ్ పర్మిట్ (నేల చదును, మట్టి పనుల అనుమతి) సాధారణంగా అవసరం రాదు. తవ్వకం ఇంటి హద్దు దాటి కాలిబాట కిందికో, రోడ్డు కిందికో వెళితే మాత్రం కథ మారుతుంది. మెయిన్ ప్యానెల్‌ను 200 ఆంపియర్లకు పెంచినప్పుడు, కరెంటు భూగర్భం నుంచి వచ్చే వీధుల్లో ఇలాంటి అవసరం పడవచ్చు. అప్పుడు సోలార్ పర్మిట్ పనికిరాదు. సిటీ పబ్లిక్ వర్క్స్ శాఖ నుంచి తవ్వకపు పర్మిట్ గాని, ఎన్‌క్రోచ్‌మెంట్ పర్మిట్ (సిటీ స్థలంలో పనికి అనుమతి) గాని వేరుగా తీసుకోవాలి. దానికి తగిన లైసెన్సు, సిటీ పేరు చేర్చిన బీమా పత్రం, వాహనాల మళ్లింపు ప్లాను, వాటితోపాటు బాండ్ లేదా నగదు ధరావతు అడుగుతారు. శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్తగా తారు వేసిన వీధిని అయిదేళ్లపాటు తవ్వనివ్వకుండా నిషేధం కూడా ఉంది. అందుచేత డిజైన్ ఖరారు చేయకముందే ఈ విషయం కనుక్కోవడం మంచిది.

బాండ్ అంటే బీమా అని చాలామంది పొరబడతారు. అది పూచీకత్తు. రోడ్డును యథాస్థితికి తెస్తానని కాంట్రాక్టరు సిటీకి మాటిస్తాడు, అతను మాట తప్పితే నష్టం భరిస్తానని ఒక పూచీ సంస్థ హామీ పడుతుంది, చెల్లించాక ఆ సొమ్మును కాంట్రాక్టరు దగ్గరే రాబట్టుకుంటుంది. మన ఊళ్లలో కుళాయి కోసం కట్టే రోడ్డు కటింగ్ చార్జీ మళ్లీ చేతికి రాదు, ఇక్కడి ధరావతు మాత్రం పని సరిగ్గా ముగిస్తే తిరిగి వస్తుంది. అయితే ఈ బాండ్ రక్షించేది సిటీని, ఇంటి యజమానిని కాదు.

యజమానికి కొంత అండగా ఉండేది కాంట్రాక్టరు తన లైసెన్సు కోసం ఇచ్చే లైసెన్సు బాండ్. 2023 జనవరి 1 నుంచి దాని మొత్తం 25,000 డాలర్లు. అదే బాండ్ మీద అతని ఇతర కస్టమర్లూ క్లెయిము చేయవచ్చు కనుక, పెద్ద సోలార్ పని చెడితే ఆ సొమ్ము ఏ మూలకూ రాదు. రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు వెబ్‌సైటులో అతని లైసెన్సు నంబరు కొడితే లైసెన్సు, బాండ్, పనివారి బీమా అమలులో ఉన్నాయో లేదో కనిపిస్తుంది. ఒప్పందం రోజున ఒకసారి, పని మొదలయ్యే రోజున మరోసారి చూడాలి. అడ్వాన్సు విషయంలో చట్టం కచ్చితంగా ఉంది: ఒప్పందం విలువలో 10 శాతం, 1,000 డాలర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. బోర్డు వద్ద పని పూర్తికి, చెల్లింపులకు పూచీపడే ప్రత్యేక బాండ్ దాఖలు చేసిన సంస్థలకు మాత్రమే దీనినుంచి మినహాయింపు ఉంది.

సిటీ తుది తనిఖీ అయినంత మాత్రాన స్విచ్ వేయకూడదు. కరెంటు సంస్థ నుంచి వ్యవస్థను నడుపుకోవచ్చన్న అనుమతి రావాలి. చివరి చెల్లింపును ఆ అనుమతికి ముడిపెట్టి ఒప్పందంలో రాయించుకోవాలి. ఆ చెల్లింపు సమయంలోనే సామాను సరఫరా చేసినవారి నుంచి ఇంటిపై బాకీ హక్కు లేదన్న విడుదల పత్రం తీసుకోవాలి. ధరావతు మీ పేరున కట్టి ఉంటే, కాలిబాట తనిఖీ ముగిశాక దాన్ని తిరిగి ఇమ్మని పర్మిట్ నంబరుతో పబ్లిక్ వర్క్స్ శాఖకు మీరే రాయాలి.