నక్షత్రం లెక్క చీకటి పడకముందే కట్టండి

సముద్రంలో ఓడ ఎక్కడుందో తెలుసుకోవడానికి సెక్స్‌టెంట్‌తో (క్షితిజం నుంచి నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో కొలిచే పరికరం) నక్షత్రాల ఎత్తు కొలిచేటప్పుడు చాలామంది నక్షత్రం బాగా కనిపించేదాకా ఆగుతారు. ఈలోగా క్షితిజరేఖ మసకబారిపోతుంది, ఇక టెన్షన్! లెక్క పగలే కట్టుకోండి. సూర్యుడు క్షితిజానికి 6 నుంచి 12 డిగ్రీల కిందికి దిగే వేళను అల్మనాక్‌లో (నావికుల పంచాంగం) చూసి, అప్పటికి ఓడ ఎక్కడ ఉంటుందో అంచనా వేసి, ఒక్కో నక్షత్రం ఎంత ఎత్తులో, ఏ దిక్కున ఉంటుందో రాసుకోవాలి. ఆ ఎత్తును సెక్స్‌టెంట్‌పై ముందే పెట్టి, ఆ దిక్కున క్షితిజం వెంట మెల్లగా అటూ ఇటూ తిప్పండి. కంటికి ఇంకా ఆనని స్వాతి, చిత్త కూడా సెక్స్‌టెంట్ టెలిస్కోపులో దొరుకుతాయి. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉంటుంది.

సాయంత్రం తూర్పు నుంచి మొదలుపెట్టండి, ముందు చీకటి పడేది అటే. మూడు నక్షత్రాలను దిక్కుల్లో దాదాపు 120 డిగ్రీల ఎడంలో ఎంచుకుంటే, పరికరంలో ఎప్పుడూ ఒకేలా ఉండే తప్పు ప్రభావం, ఆ మూడు కొలతలతో మ్యాపుపై గీసిన గీతల త్రిభుజం మధ్యలో రద్దవుతుంది.

కొలిచిన క్షణం రాసుకునే గడియారం మాత్రం జాగ్రత్త: 4 సెకన్ల తేడా అంటే రేఖాంశంలో 1 నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు), భూమధ్యరేఖ దగ్గర దాదాపు ఒక నాటికల్ మైలు.