మిలట్రీ తాత గురించి నాలుగు మాటలు రాయాలంటే

మిలట్రీలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఎవరైనా పోతే మన తిరుపతి, చిత్తూరు వైపు ముందు లేచేది ఫ్లెక్సీ. యూనిఫాం ఫోటో, కింద "అశ్రునయనాలతో" అని మొదలుపెట్టి కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళ పేర్లు. అది చూస్తే ఆయన ఎలాంటి మనిషో ఒక్క ముక్క తెలీదు. పెద్దకర్మకో, మొదటి దివసానికో ఒక చిన్న పుస్తకం వేద్దామనో, మైకు పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడదామనో అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఆ పెద్దాయన నలుగురినీ నవ్వించే రకమైతే మరీ పనికొస్తుంది.

ముందు మనుషుల్ని పట్టుకోండి, కాగితాల సంగతి తర్వాత. కాగితాలు ట్రంకు పెట్టెలో ఇంకో పదేళ్ళయినా పడి ఉంటాయి, ఆయన జోకులు గుర్తున్నవాళ్ళు అన్నాళ్ళు ఉంటారన్న నమ్మకం లేదు. పలకరించడానికి వచ్చిపోయే జనం దగ్గరే సగం సరుకు దొరుకుతుంది, వాళ్ళకు చెప్పి ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి. "తాత ఎలాంటోడు?" అంటే "శానా మంచోడప్పా" అనే వస్తుంది, దాంతో ఏం చేసుకుంటారు? "నిన్ను ఏమని పిలిచి ఏడిపించేవాడు?", "పేకాటలో దొంగాట ఆడేవాడా?" అని అడిగి చూడండి, ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వుతూ మొదలుపెడతారు. మా మామ పోయినప్పుడు అందరికన్నా బాగా చెప్పింది టీ కొట్టాయన. మామ పొద్దున్నే వచ్చి, బెంచీ మీద కూర్చున్న కాలేజీ పిల్లల వెనక నిలబడి "సావధాన్!" అని ఒక్క అరుపు అరిచేవాడట, వాళ్ళు ఉలిక్కిపడి లేస్తే ఆ ఖాళీలో తాపీగా కూర్చుని, వాళ్ళందరి టీలకూ తనే డబ్బులిచ్చేవాడట. మా ఇంట్లో ఒక్కరికీ ఈ సంగతి తెలీదు.

అవ్వను మాత్రం వదలొద్దు. జవానుకు ఏడాదికి రెండు నెలలు పెద్ద సెలవు, మధ్యలో కొన్ని రోజులు చిన్న సెలవు, మిగతా కాలమంతా పిల్లల జ్వరాలు, చేను, అప్పులోళ్ళు, అత్తగారు అన్నీ ఆమె నెత్తినే. "కుటుంబం కోసం అహర్నిశలు శ్రమించారు" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. కాట్పాడిలోనో రేణిగుంటలోనో రైలు దిగి వచ్చేటప్పుడు ఆ పెట్టెలో ఏం తెచ్చేవాడు, చంటిబిడ్డ ఆయన్ని చూసి ఎవరో కొత్తమనిషి అనుకుని ఏడ్చిందా, సెలవు అయిపోయే ముందురోజు ఇంట్లో ఏం వండేవాళ్ళు, ఇలాంటివి అడగండి. ఒక్కసారికి చెప్పదు. చింతపండు గింజలు తీస్తున్నప్పుడు పక్కన కూర్చుని మీరూ నాలుగు కాయలు వలిస్తే చెబుతుంది.

ఉత్తరాలుంటే జాగ్రత్త. వాటి మీద "56 ఏపీఓ" అనో "99 ఏపీఓ" అనో ఉంటుంది. అది సైన్యం తపాలా చిరునామా, మనిషి ఎక్కడున్నాడో బయటికి తెలియకుండా పెట్టింది. అది చూసి కాశ్మీర్ నుంచి రాశాడనో అస్సాం నుంచి రాశాడనో ఊహించి రాయొద్దు.

ఇక పెట్టె తెరవండి. డిశ్చార్జి బుక్కులో నంబరు, ర్యాంకు, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వచ్చేశాడు, ఏ మెడల్స్ వచ్చాయి అన్నీ ఉంటాయి. అది కనపడకపోతే పెన్షన్ కాగితాలు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి, రికార్డుల కోసం ఎవరికి రాయాలో అడగండి. మద్రాస్ రెజిమెంట్ అయితే కేంద్రం నీలగిరి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అయితే బెంగళూరులో.

మెడల్స్ దగ్గరే అందరూ తప్పులో కాలేస్తారు. మన ఊళ్ళల్లో ఆ వయసు మిలట్రీ ఆయన ప్రతి ఒక్కడూ ఢాకాలో ఉన్నట్టే చెబుతారు. 1971 యుద్ధం డిసెంబర్ 3న మొదలై, 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోవడంతో ముగిసింది, అందులో తూర్పున ఉన్నవాళ్ళకు పూర్వీ స్టార్, పడమర ఉన్నవాళ్ళకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. పెట్టెలో పశ్చిమీ స్టార్ పెట్టుకుని పుస్తకంలో ఢాకా అని రాస్తే ఎట్లా? స్వాతంత్ర్య రజతోత్సవ పతకం 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్న అందరికీ ఇచ్చిందే, దాన్ని సాహసానికి వచ్చిందని రాయకండి. మన తిరుపతి మేజర్ జనరల్ వేణుగోపాల్ గారిలాగా మహావీర చక్ర వచ్చినవాళ్ళ గురించి ప్రభుత్వమే రాసి పెడుతుంది. మన హవల్దార్ తాత గురించి మనమే రాసుకోవాలి, అందుకే ఉన్నది ఉన్నట్టు రాయాలి.

అలాగని ఆయన కోతలు తీసేయమని కాదు. మా మామ మంచులో కూరుకుపోయిన కథ ఏటికేడు లోతయ్యేది, మొదట మోకాలు, తర్వాత నడుము, చివరికొచ్చేసరికి గొంతు. అవి "ఆయన ఇలా చెప్పేవాడు" అని రాస్తే సరి. క్యాంటీన్ రమ్ము, కోపం, చెల్లెలితో మాటల్లేని ఏళ్ళు, వీటికి ఒక్కో వాక్యం చాలు గానీ పూర్తిగా దాచకండి, చదివేవాళ్ళలో సగం మందికి ముందే తెలుసు.

ఫోటోల దగ్గర ఎట్లాగూ గొడవ వస్తుంది. యూనిఫాం ఫోటో ఒక్కటే వెయ్యాలని పెద్దకొడుకు అంటాడు. మరి రిటైరై వచ్చాక తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఒళ్ళంతా తెల్లసుద్ద పూసుకుని, వేపాకు కట్టుకుని వేసిన బైరాగి వేషం ఫోటో ఏం కావాలి? నన్నడిగితే రెండూ ఎదురెదురు పేజీల్లో, ఒకే సైజులో వెయ్యండి. కింద పెద్దగా రాయక్కర్లేదు, సంవత్సరం వేస్తే చాలు.

మైకు దగ్గర మాట్లాడేది ముగ్గురికి మించొద్దు: ఇంట్లోవాళ్ళలో ఒకరు, ఆయనతో సర్వీసు చేసినాయన, వీధిలో రోజూ కూర్చునే స్నేహితుడు. ఎమ్మెల్యే వస్తే ముందే మాట్లాడించి పంపించండి. నవ్వొచ్చే సంగతి మొదట్లోనే చెప్పండి, కర్మరోజు నవ్వొచ్చా అని మొహమాటపడే జనానికి అదే పర్మిషన్.

ఒక చిక్కు మాత్రం ఉంటుంది. అన్నిటికన్నా బాగా నవ్వించే కథల్లో జాతరలో వేషగాళ్ళు తిట్టే బూతులు, బ్యారక్ బూతులు ఉంటాయి. పుస్తకంలో చుక్కలు పెట్టి రాస్తే చప్పగా ఉంటుంది, పూర్తిగా రాస్తే పురోహితుడు లేచి వెళ్తాడు. వాటిని రికార్డింగ్‌లో అలాగే ఉంచి, పిల్లలు లేని ఫ్యామిలీ గ్రూపు ఒకటి చేసి అందులో వెయ్యండి.