రాస్తా స్నేహితుడితో షాషమనే వెళ్లాలంటే

చెన్నై వేళచ్చేరిలో మా మేడమీద అద్దెకుండే జమైకా కుర్రాడి జడలు చూసి అమ్మ "ఏ స్వామి మాల వేశాడే?" అని అడిగింది. మాల కాదు, రాస్తాఫారీ. అది జమైకాలో పుట్టిన మతం, దాన్ని పాటించేవాళ్లే రాస్తాలు. వాడి కోరిక ఒకటే, ముత్తాతల ఆఫ్రికా నేల మీద కాలు పెట్టాలి. తోడుగా నేనూ ఇథియోపియాలోని షాషమనే ఊరికి వెళ్లొచ్చాను. మీకూ అలాంటి అవకాశం వస్తే కొన్ని సంగతులు.

ముందు ఎల్లో ఫీవర్ టీకా. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఒక్క డోసు జన్మంతా చెల్లుతుంది. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే తిరిగి చెన్నైలో దిగాక 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వీసా ఆన్‌లైన్‌లోనే.

"జమైకావాళ్ల పూర్వీకులు ఎక్కువగా పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లు కదా, మరి తూర్పున ఉన్న ఇథియోపియా ఎందుకు?" అని మాత్రం అడగకండి. నేను అడిగాను. రెండు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. 1930లో రాస్ తఫారి, హైలే సెలాసీ పేరుతో ఇథియోపియా చక్రవర్తి అయ్యాడు. రాస్తాలకు ఆయన దేవుడు. ఇటలీ దండెత్తినప్పుడు అండగా నిలిచిన నల్లజాతివారి కోసం 1948లో షాషమనేలో 500 ఎకరాలు ఇచ్చాడు. 1974లో ఆయన్ని దించేసిన సైనిక ప్రభుత్వం అందులో చాలావరకు లాగేసుకుంది. మిగిలిన ఆ కాస్త నేల కోసమే మా వాడి తపనంతా. అడిస్ అబాబా ట్రినిటీ కెథడ్రల్‌లో చక్రవర్తి సమాధి ఉంది. చాలామంది రాస్తాలు ఆయన చనిపోయాడంటే ఒప్పుకోరు. చూడాలనుంటే మీరొక్కరే వెళ్లి రండి.

షాషమనే అడిస్ నుంచి దక్షిణంగా సుమారు 250 కిలోమీటర్లు. అక్కడివాళ్లు పొద్దున ఆరింటి నుంచి గంటలు లెక్కపెడతారు. వ్యాను డ్రైవరు "రెండింటికి" అంటే మన ఎనిమిది. మేం భోంచేసి తీరిగ్గా వెళ్లేసరికి వ్యాను ఎప్పుడో వెళ్లిపోయింది. "మీ టైమా, ఫెరెంజీ టైమా?" అని అడగండి. ఫెరెంజీ అంటే విదేశీయుడు, మన పరంగి లాంటి మాటే.

షాషమనేలో అడగకుండా ఫోటోలు తీయొద్దు. గంజాయి అక్కడా నేరమే, ఎవరిచ్చినా వద్దనండి.

తిండికి టెన్షన్ లేదు. ఇంజెరా అచ్చం పుల్లట్టు, షిరో మన బొంబాయి చట్నీకి దగ్గర చుట్టం. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు మాంసం ముట్టని ఉపవాసాలు కాబట్టి శాకాహారం సులువుగా దొరుకుతుంది. రాస్తాలు చాలామంది ఉప్పు కూడా ముట్టరు, వంటవాళ్లకు ముందే చెప్పాలి. అమ్మ ఇద్దరికీ అని కట్టిచ్చిన ఆవకాయ సీసా అంతా నేనే ఖాళీ చేశాను.