పడుకుని ఒకసారి, నిలబడి రెండుసార్లు

నాన్న రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచి మంచం పక్కనే పడిపోయారు. అడిగితే "కాలు జారింది" అన్నారు. నేల పొడిగా ఉంది, చెప్పులు మంచం కింద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్క అడుగైనా వేయని మనిషి ఎలా జారతారు?

రోజూ కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూసేదాన్ని, బాగానే ఉండేది. అలా చూస్తే లేవగానే బీపీ పడిపోయే సంగతి బయటపడదు. ముందు ఐదు నిమిషాలు పడుకోనిచ్చి ఒకసారి చూడాలి. పట్టీ విప్పకుండానే లేపి నిలబెట్టి, నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడాలి. చెయ్యి వేలాడకూడదు, గుండె ఎత్తున దేనికైనా ఆనించాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ తగ్గిందంటే లేవగానే బీపీ పడిపోతోందన్నమాట. నాన్నకు పడుకున్నప్పుడు 146, నిలబడ్డాక 118. కళ్లు తిరుగుతున్నాయా అంటే లేదన్నారు గానీ, నా భుజం మాత్రం వదల్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇలా చూసుకోవద్దు. తూలితే వెంటనే కూర్చోబెట్టండి, అంకె సంగతి తర్వాత.

ఆ అంకెలు రాసిన కాగితం, వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రలు, నీరు పోవడానికిచ్చేవి, కొన్ని ప్రోస్టేట్ మాత్రలు ఇలా చేస్తాయి. షుగర్, పార్కిన్సన్స్ వల్ల కూడా రావచ్చు. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు. రాత్రి లేవాల్సొస్తుందని నాన్న పగలు కూడా నీళ్లు తాగడం మానేశారు, అది ఇంకా చెరుపు. గుండె, కిడ్నీ జబ్బులుంటే మాత్రం ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

ఇక లేవడం. పడుకుని ఉండగానే పాదాలు పైకీ కిందకీ పదిసార్లు ఆడించాలి. పిక్కలు బిగిస్తూ వదులుతూ ఉంటే కాళ్లలోని రక్తం పైకెక్కుతుంది. పక్కకు తిరిగి, చేతుల మీద ఆనుకుని లేచి, కాళ్లు కిందకి దించి ఒక నిమిషం కూర్చోవాలి. నిలబడ్డాక కూడా కాసేపు మంచం పట్టుకోవాలి. అంతసేపు ఆగలేనివాళ్లకు మంచం దగ్గరే యూరిన్ బాటిల్ పెట్టండి. (నాన్న వారం రోజులు దాన్ని కన్నెత్తి చూడలేదు.)

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కూర్చున్నాక అరవై లెక్కపెట్టమన్నాను. పక్క గదిలోంచి నాకు వినిపిస్తూనే ఉంటుంది. నలభై దాటాక స్పీడు పెంచేస్తారు.